ఉన్న చలి వద్దు, లేని చలి కావాలి

పంటకు అప్పివ్వడం వేరు, పంట తియ్యడం వేరు. ఈ తేడా తెలియడానికి నాకు రిటైరయ్యే దాకా పట్టింది. ఉద్యోగమంతా పల్లె బ్రాంచీల్లో పంట రుణాలు చూసినవాణ్ణి. ఎకరం వరికి ఎంత, మిర్చికి ఎంత, కూరగాయలకు ఎంత అని జిల్లా కమిటీ ఏటా ఖరారు చేసే పట్టిక నాకు కంఠతా వచ్చు. వానకాలం బాకీ ఎప్పటికి కట్టాలో, యాసంగి బాకీ ఎప్పటికి కట్టాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. బల్లకు అవతల నిలబడ్డ రైతుకు "మార్కెట్ చూసుకుని వెయ్యాలయ్యా, అందరూ వేసిందే నువ్వూ వేస్తే ఎట్లా?" అని ఉచిత సలహా కూడా పడేసేవాణ్ణి. వాళ్లు వినయంగా తలూపి సంతకం పెట్టి వెళ్లిపోయేవాళ్లు. ఆ తలూపడంలో ఎంత ఓర్పు ఉందో ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది.

ఆ పాండిత్యాన్ని మూటగట్టుకునే కందుకూరు వచ్చి పడ్డాను. శ్రీశైలం రోడ్డు మీద ఔటర్ రింగు రోడ్డునూ తుక్కుగూడనూ వెనక్కి వదిలి ముందుకు పోతే వచ్చే మండలం ఇది. 2008 మార్చిలో శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన దగ్గర్నుంచి ఈ చుట్టుపట్ల చెలకలు ఒక్కొక్కటే ప్లాట్లవుతూ వచ్చాయి. ముచ్చర్ల వైపు ఫార్మా సిటీ అన్నారు, ధరలు లేచాయి. తర్వాత ఫ్యూచర్ సిటీ అన్నారు, ఇంకా లేచాయి. నేను స్థలం కొన్నది ఆ లేచే ధర చూసే, మొక్కల మీద ప్రేమతో కాదు. ఇది కూడా ఒప్పుకోవలసిన సంగతే. ఇల్లు కట్టుకుని దిగాక, చుట్టూ ఖాళీ జాగా కనబడుతుంటే చేతులు ఊరుకోలేదు. ఎవరిదో పాత తోటలోని మామిడి చెట్టు ఒకటి, వెంచరు వాళ్ల రోడ్డు గీతకు అడ్డం రాకపోవడంతో బతికి, మా వాటాకు వచ్చింది. నేల ఎర్ర చెలక. అడుగున్నర తవ్వితే మొరం తగులుతుంది. పోసిన నీరు నిలవదు, ఎండితే పైన పెచ్చు కడుతుంది.

వానకాలంలో చేసిన తప్పులు వానే కడిగేసింది. నా అసలు రంగు చలికాలంలో బయటపడింది.

నాకు చలి పడదు. దసరా దాటితే స్వెట్టరు, దీపావళికి మఫ్లరు. నగరం నడిబొడ్డున ఆ మాత్రం సరిపోయేది. ఇక్కడ ఖాళీ జాగాల మీదుగా గాలి నేరుగా వచ్చి తగులుతుంది. డిసెంబరు, జనవరిల్లో చలిగాలులు తిరిగాయంటే రంగారెడ్డి జిల్లా శివారు మండలాల్లో రాత్రి ఉష్ణోగ్రత ఒక్కోసారి 10 డిగ్రీల కిందికి దిగుతుంది. నాకు పడనిది మొక్కలకు మాత్రం ఎట్లా పడుతుందనుకున్నాను. సాయంత్రం కాగానే టమాట నారుకు, వంగ మొక్కలకు పాత దుప్పట్లు, బెడ్‌షీట్లు కప్పేవాణ్ణి. "ఏమండీ, కొలతలిస్తే స్వెట్టర్లు అల్లుతాను" అని మా ఆవిడ. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. తెల్లారేసరికి ఆ గుడ్డలు మంచుకు తడిసి, బరువెక్కి, ఆకుల్ని నేలకు అదిమేవి. నేను తీరిగ్గా ఎండ ఎక్కాక తీసేవాణ్ణి. గాలి ఆడని ఆ తడిలో ఆకుల మీద మచ్చలు మొదలయ్యాయి. మచ్చలకు మందు తెచ్చి కొట్టాను. రోగం తెచ్చిందీ నేనే, మందు కొట్టిందీ నేనే.

టమాటకు ప్రాణభయం ఉన్నది నీరు గడ్డకట్టే చలితో. అటువంటి చలి మన దగ్గర ఎక్కడిది? పైగా టమాట పూత నిలిచి కాయ పట్టాలంటే రాత్రిళ్లు 15 నుంచి 20 డిగ్రీల మధ్య చల్లగా ఉండడమే మేలు. ఎండాకాలంలో పూత రాలిపోయేదీ, కాయ ఎరుపెక్కకుండా పసుపు తేలేదీ వేడి వల్లనే. ఎర్రదనాన్నిచ్చే లైకోపీన్ 30 డిగ్రీలు దాటిన వేడిలో సరిగ్గా తయారు కాదు. అంటే మొక్క ఏడాదంతా ఎదురుచూసిన నాలుగు చల్లని నెలల్ని నేను దుప్పటి కప్పి దాని దగ్గరికి రానివ్వలేదు.

మామిడి విషయంలో ఇంతకంటే ఘనకార్యం చేశాను. వానలు వెనకబట్టాయి, నేల ఎండుతోంది, చెట్టు ఏమైపోతుందోనని కార్తీకమంతా గొట్టం పెట్టి నీళ్లు పట్టాను. గుప్పెడు యూరియా కూడా వేశాను. చెట్టు నన్ను నిరాశపరచలేదు. కొమ్మకొమ్మకూ రాగి రంగు చిగురు వేసింది. మా ఆవిణ్ణి పిలిచి మరీ చూపించాను. పక్క వెంచరులో కాపలా ఉండే కుటుంబంలో ఒక పెద్దామె ఉంది. ఇదే మండలంలో ఒకప్పుడు సొంత చెలక దున్నుకున్న మనిషి. ప్రహరీ అవతల నుంచి చూసి, "గిదేంది సారూ, మామిడికి ఇప్పుడు నీళ్లు పెడ్తున్రు? పూత వద్దా ఏంది?" అంది.

"ఎండిపోతోంది కదా అవ్వా."

"ఎండనియ్యాలె. ఎండితెనే పూత వడ్తది."

పల్లెటూరి మాటలే అని సరిపెట్టుకున్నాను. సంక్రాంతి పోయింది, ఊళ్లో చెట్లన్నీ పూతతో గుప్పుమన్నాయి. మా చెట్టు మాత్రం నిగనిగలాడే ఆకులతో నిలబడింది. అప్పుడు పుస్తకం తెరిచాను. మామిడి కొమ్మ చివరి మొగ్గ ఆకు కావాలా, పూత కావాలా అన్నది తేలేది ఈ చలి నెలల్లోనే. రాత్రి చల్లబడి, వేళ్ల దగ్గర తడి తగ్గితే పెరుగుదల ఆగుతుంది. పెరుగుదల ఆగితేనే మొగ్గ పూత వైపు తిరుగుతుంది. ఆ సమయంలో నీళ్లూ నత్రజనీ అందాయంటే చెట్టు మళ్లీ ఆకు మీద పడుతుంది. అందుకే మామిడి రైతులు పూతకు ముందు రెండు మూడు నెలలు తడి ఆపేసి, పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ మొదలుపెడతారు. మా రుణం ఫారంలో "నీటి వసతి కలదా?" అని ఒక గడి ఉండేది. నీళ్లు ఎప్పుడు ఆపాలో తెలుసా అని అడిగే గడి ఏ ఫారంలోనూ లేదు. ఉంటే, అందులో సున్నా చుట్టవలసింది నాకే.

ఇక చిక్కుడు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ ముఖం చెల్లదు.

తొలకరికి అవ్వే నాలుగు గింజలిచ్చింది. పందిరి చిక్కుడు. తీగ పందిరెక్కి, పందిరి నిండి, ప్రహరీ మీదికి పాకింది. శ్రావణం పోయింది, భాద్రపదం పోయింది, ఒక్క పువ్వు లేదు. ఆకులే ఆకులు. ఇంత తిని ఇంత పెరిగి పైసా రాబడి లేని ఖాతాను ఏం చేస్తాం? మూసేస్తాం. బతుకమ్మ పండుగ ముందర ఒక ఆదివారం పూట కొడవలి తీసుకుని మొదలు కోసి, తీగంతా లాగి గేటు పక్కన కుప్ప వేశాను. గడువు తేదీ రాకముందే బాకీదారు ఇంటికి జప్తుకు పోయినట్టు చేశానని మర్నాడు తెలిసింది. వాడిన తీగను చెత్తబండిలో వెయ్యబోతుంటే, ఆకు తొడిమ దగ్గర ఏదో చేతికి గరుగ్గా తగిలింది. కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. ప్రతి కణుపు దగ్గరా పొడుగాటి ఈనె ఒకటి బయటికొచ్చి ఉంది. దాని చుట్టూ మెట్లు మెట్లుగా ఊదా రంగు మొగ్గలు, ఒక్కొక్కటి ఆవగింజంత. ఒక తీగ కాదు, కుప్పంతా అదే.

అవ్వ చూసి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "బతుకమ్మ పోయినంక పూత పెడ్తది గద సారూ. సంకురాత్రికి కాయ. గింత తొందరేమొచ్చె?" అంది.

చిక్కుడు వానను చూసి పెరుగుతుంది, పగటిని చూసి పూస్తుంది. మన దగ్గర జూన్‌లో పగలు 13 గంటల పైచిలుకు ఉంటుంది, డిసెంబరుకు 11 గంటల దరిదాపులకు వస్తుంది. పాతకాలపు పందిరి చిక్కుడు ఆ కుదింపు కోసమే కాచుకుని ఉంటుంది. రాత్రి తగినంత పొడుగైతే గానీ మొగ్గ తొడగదు. మొక్కలు పగటి పొడవును లెక్కపెడతాయన్న సంగతిని శాస్త్రంగా నిలబెట్టింది 1920లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు. ఎంతకీ పూయకుండా ఆకులు వేస్తూ పోయే ఒక పొగాకు రకాన్ని రోజూ కొన్ని గంటలు చీకటి గదిలో పెట్టి, వేసవిలోనే పూయించారు. వాళ్లూ పూయని మొక్క ముందే నిలబడ్డారు, నేనూ పూయని మొక్క ముందే నిలబడ్డాను. వాళ్లు ఎందుకని అడిగారు, నేను కొడవలి తెచ్చాను. అంత ఓపిక లేనివాళ్ల కోసం బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు పగటి లెక్కతో పని లేని పొట్టి చిక్కుళ్లు, అర్క జయ్, అర్క విజయ్ అని తీశారు. నాబోటివాళ్లను చూసే తీసి ఉంటారు.

మరుసటి ఏడు బుద్ధిగా కాచుకున్నాను. పందిరికి అవతలి కొసన పూత విరగబడింది, గేటు వైపు కొసన మాత్రం మళ్లీ ఆకులే. కారణం పైనే వేలాడుతోంది. దొంగల భయంతో నేను గేటు మీద పెట్టించిన ఎల్ఈడీ ఫ్లడ్‌లైటు. రాత్రంతా వెలిగే ఆ దీపం కింద తీగకు రాత్రన్నదే రాలేదు. చామంతి రైతులు చేలో బల్బులు వెలిగించి పూతను కావాలనే వెనక్కి నెడుతుంటారు. పండుగ ధర అందుకోవడానికి అదొక ఉపాయం. నేను ఏ ఉపాయమూ లేకుండానే కరెంటు బిల్లు కట్టి మరీ చిక్కుడును ఆపుకున్నాను.

క్యాలీఫ్లవరుతో చేసిన పోరాటం పొడిగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే రెండు దిక్కులా ఓడిపోయాను. మొదట, ప్యాకెట్టు మీద మంచుముద్దలాంటి తెల్లటి బొమ్మ చూసి స్నోబాల్ రకం తెచ్చి ఆగస్టులో నాటాను. ఆ రకానికి గడ్డ కట్టడానికి 10 నుంచి 16 డిగ్రీల చల్లదనం కావాలి. అది దొరక్క ఆకులు మోకాలి ఎత్తు లేచి, నడిమధ్య బోసిగా ఉండిపోయింది. కసి కొద్దీ ఆ పై ఏడు వేడికి తట్టుకునే తొందర రకం తెచ్చి డిసెంబరులో నాటాను. దానికి 20 నుంచి 27 డిగ్రీలు హాయి. చలి తగలగానే కంగారుపడి, మొక్క ఎదగకుండానే గడ్డ వేసేసింది. చొక్కా గుండీ కంటే కొంచెం పెద్దది, అంతే. కూరగాయల సాగులో దీన్ని బటనింగ్ అంటారట. ఒకే కూరగాయలో ఆగస్టుకు ఒక రకం, అక్టోబరుకు ఒక రకం, ఇంకా చలి ముదిరాక ఒక రకం ఉంటాయని నారు పెంచే ప్రతి మనిషికీ తెలుసు. పట్టికలో "క్యాలీఫ్లవర్, ఎకరానికి ఇంత" అని ఒకే వరుస చూసి పెరిగిన కళ్లు నావి.

క్యారెట్‌ను నారు పోసి, పీకి, మళ్లీ నాటానని చెబితే తోట పెంచేవాళ్లు చెవులు మూసుకుంటారు. తినేదే తల్లివేరు. పీకగానే దాని కొస తెగుతుంది, తెగిన చోట కాళ్లు చీలుతుంది. మిగిలిన పని మా మొరం చేసింది. తవ్వితే వచ్చినవి ఏ అల్లం కొమ్ములో తెలియని ఆకారాలు. ఇప్పుడు నేల మీద ఎత్తుగా మడి కట్టి, ఇసుకా, బాగా మాగిన పశువుల ఎరువూ కలిపి, గింజ ఎక్కడ పడితే అక్కడే పెరగనిస్తున్నాను. వేలెడంత పొడుగే వస్తాయి గానీ నిటారుగా వస్తాయి.

చలికాలం తనంతట తాను ఇచ్చేవి ఇన్ని ఉండగా నేను వాటి జోలికి పోలేదు, అవి నాకు మరీ తేలిగ్గా కనిపించాయి. పాలకూర, మెంతికూర, ముల్లంగి, కొత్తిమీర. ఎండాకాలంలో కొత్తిమీర నాలుగు ఆకులు వెయ్యగానే కాడ లేచి పూతకొస్తుంది. ఈ నెలల్లో అదే మొక్క నేలకు అంటుకుని గుబురుగా కూర్చుంటుంది. అది కూడా మొదట నాకు మొలవలేదు. డబ్బాలోంచి ధనియాలు తీసి అట్లాగే చల్లాను. మనం ఒక గింజ అనుకునే ధనియంలో రెండు గింజలుంటాయి. అవ్వ ఒకరోజు గడప మీద కూర్చుని, ధనియాలు బండ మీద పోసి, ఇటుక ముక్కతో మెల్లగా రుద్దింది. పిండి కాకూడదు, చీలాలి. చీలిన చప్పుడు వినబడగానే చెయ్యి తేలిక చేసేది. చెరిగి, రాత్రి నానబెట్టి, మర్నాడు చల్లి, పైన పలచగా మట్టి లాగింది. పది రోజులు దాటాక మడంతా పచ్చగా గీతలు గీసినట్టు వచ్చింది. చిక్కుడుకు పేనుబంక పట్టినప్పుడు కూడా నేను ఘాటు మందు కోసం పరుగెత్తబోతే, పొయ్యి బూడిద తెచ్చి పొద్దున్నే మంచు తడి మీద చల్లింది. దానికి లొంగనప్పుడు లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి ఆకు అడుగున తగిలేలా కొడితే సరిపోయింది.

దుప్పట్లు మానేసిన ఏడు టమాట విరగకాసింది. బుట్ట నింపుకుని అవ్వకిస్తే, "మా కోడలు నిన్ననే గంపెడు తెచ్చింది సారూ" అంది. ఎదురింటి వాళ్లూ అంతే. నగరంలోని బంధువులకు ఫోన్ చేస్తే, మాకు ఇక్కడే చవగ్గా దొరుకుతున్నాయి, దాని కోసం అంత దూరం ఎందుకు అన్నారు. మాదన్నపేట మండీకి పోయినా, గుడిమల్కాపూర్ పోయినా టమాట కుప్పలే కుప్పలు. 2023 జూలైలో కిలో వంద దాటి జనం టమాట మాటెత్తడం మానేసినప్పుడు నా పెరట్లో ఒక్క కాయ లేదు. అప్పుడు ఎవరి దగ్గరా లేవు కాబట్టే ఆ ధర. ఇప్పుడు అందరి దగ్గరా ఉన్నాయి కాబట్టే ఈ ధర. నాకు కాసినప్పుడే ఊరంతా కాస్తుంది, ఎందుకంటే నాకూ ఊరికీ ఒకటే చలి.

బల్లకు ఇవతల కూర్చుని నేనిచ్చిన సలహా అప్పుడు నా మొహానే వచ్చి కొట్టింది. అందరూ వేసిందే వేస్తే ఎట్లా అట! అందరి నేలా ఒకటే, అందరి కాలమూ ఒకటే అయినప్పుడు అందరూ వేసేది అదే అవుతుంది. కాలానికి ఎదురీది వేసవిలో పండించాలంటే నీడవలలు కావాలి, బోరులో నీరు కావాలి, తెల్లదోమ తెచ్చే ఆకుముడత వైరస్‌ను తట్టుకునే రకం కావాలి, అన్నీ పోయినా మళ్లీ లేవగల దమ్ము కావాలి. నేనిచ్చిన అప్పులో వీటిలో సగానికి కూడా చోటు లేదు. ఆ రైతుల్లో ఎవరూ నన్ను తిరిగి ఒక్క మాట అనలేదు. అప్పు కావలసినవాడు అప్పిచ్చేవాడికి వ్యవసాయం నేర్పడు.

ఇంత తెలిశాక కుదుటపడ్డానా? లేదు. ఉన్న చలిని వద్దన్న మనిషిని, ఇంకో చలికాలంలో లేని చలిని కోరుకున్నాను.

హిమాచల్ చూడ్డానికి పోయి, ఆకు లేని ఆపిల్ మొక్కను వేళ్లకు తడిగుడ్డ చుట్టించుకుని విమానంలో శంషాబాద్‌కు తెచ్చాను. రెడ్ డెలిషియస్. అమెరికా నుంచి వచ్చి సిమ్లా కొండల్లో స్థిరపడిన శామ్యూల్ స్టోక్స్ అనే ఆయన 1916 ప్రాంతంలో కోట్‌గఢ్‌లో నాటించి, ఆ కొండల బతుకు తెరువునే మార్చేసిన జాతి అది. అమెరికా మొక్క హిమాచల్‌లో బతగ్గా లేనిది, హిమాచల్ మొక్క కందుకూరులో బతకదా అన్నది నా తర్కం. స్టోక్స్ అక్కడి చలి చూసి నాటించాడన్న సంగతి నా తర్కంలో లేదు. ఆపిల్ శీతాకాలంలో నిద్రపోతుంది. 7 డిగ్రీల లోపు చలి సుమారు వెయ్యి గంటలు తగిలితే గానీ ఆ రకానికి సరిగ్గా మెలకువ రాదు. కందుకూరులో ఒక చలికాలం మొత్తం మీద అటువంటి గంటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మా మొక్క సగం నిద్రలోనే ఏడాదంతా గడుపుతుంది. ఊరంతా వసంతం వచ్చిపోయాక, ఎండలు మండేటప్పుడు కొమ్మ చివర ఒక ఆకుల గుత్తి తెరుస్తుంది. పువ్వు ఊసే లేదు.

వేడి నేలల్లో ఆపిల్ అసలు రాదని కాదు. హిమాచల్‌లోనే దిగువన, బిలాస్‌పూర్ జిల్లాలో హరిమన్ శర్మ అనే రైతు తక్కువ చలితో కాసే రకాన్ని ఎంచి పెంచాడు. హెచ్ఆర్ఎమ్ఎన్-99 అని దానికి పేరు, 2025లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మన ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో కేంద్రే బాలాజీ అనే రైతు సీసీఎంబీ శాస్త్రవేత్తల సాయంతో ఆపిల్ కాయించిన సంగతి 2020లో పత్రికల్లో చదివాం. నేనూ చదివాను. ఆపిల్ కాసిందన్నంత వరకు చదివి, ఏ రకం కాసిందన్న దగ్గర పేజీ తిప్పేశాను.

ఈ ఏడు కార్తీకంలో మామిడికి నీళ్లు పట్టే గొట్టం చుట్టి అటక మీద పడేశాను. గేటు దీపానికి మనిషి కదిలితేనే వెలిగే స్విచ్చి పెట్టించాను. దుప్పట్లు మేమే కప్పుకుంటున్నాం. మిగిలింది ఆపిల్ ఒక్కటే. దాని చోట నిమ్మ పెట్టుకుందామని మా ఆవిడ, అది కాసేది కాదని పుస్తకం, పీకెయ్యమని తర్కం. అన్నీ ఒక్క మాట మీదే ఉన్నాయి. కానీ పూసే ముందు రోజున చిక్కుడును పీకిన చెయ్యి ఇది. ఆనాడు తొందరపడ్డానన్న భయంతో ఈనాడు కదలడం లేదు. ఎన్నడూ పూయని మొక్క ముందు, అప్పుడు చూపించవలసిన ఓర్పు అంతా ఇప్పుడు చూపిస్తున్నాను. దీన్ని మాత్రం అవ్వకు చెప్పలేదు.